గ్రామ సచివాలయంలో ఒకరి పని మరొకరికి నేర్పించడం ఎలా

2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన గ్రామ సచివాలయాల్లో పంచాయతీ కార్యదర్శి, డిజిటల్ అసిస్టెంట్, వెల్ఫేర్ అసిస్టెంట్, సర్వేయర్ వంటి వారికి ఎవరి జాబ్‌చార్టు (చేయాల్సిన విధుల జాబితా) వారికి ఉంది. అయినా డిజిటల్ అసిస్టెంట్ సెలవు పెట్టిన రోజున ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చిన మనిషి వట్టి చేతులతో తిరిగి వెళ్లకూడదు.

అందుకని పర్యవేక్షణాధికారి ముందుగా ఏయే సేవలు ఒక్కరి మీదనే ఆధారపడి ఉన్నాయో గుర్తించాలి. అలాంటి ప్రతి సేవకూ మరొకరిని ఎంపిక చేసి, రద్దీ తగ్గిన వేళల్లో దరఖాస్తు నమోదు, పత్రాల స్కానింగ్, రుసుము రసీదు మొదలుకొని అర్జీ ఏ అధికారి వద్ద ఆగిందో చూడటం వరకు అన్నీ వారి చేతనే చేయించాలి. పక్కన కూర్చుని చూసినంత మాత్రాన పని పట్టుబడదు. అయితే ఒకరి పాస్‌వర్డును మరొకరు వాడటం ఎంతమాత్రం తగదు కనుక, ఇన్‌ఛార్జి బాధ్యతను లిఖితపూర్వక ఉత్తర్వుతోనే అప్పగించాలి. భూమి కొలతలు, టీకాలు వంటి ప్రత్యేక అర్హత అవసరమైన పనుల జోలికి పోరాదు.

ప్రభుత్వోద్యోగుల శిక్షణ కోసం 2020లో కేంద్రం ఆమోదించిన మిషన్ కర్మయోగి కార్యక్రమంలో భాగమైన ఐగాట్ అనే ఇంటర్నెట్ వేదికపై ఆన్‌లైన్ కోర్సులున్నాయి. సర్టిఫికెట్ రాగానే సరిపెట్టుకోకుండా, నేర్చుకున్నదాన్ని ఆ వారంలోనే ఒక నిజమైన ఫైలుపై ప్రయోగింపజేయాలి. శిక్షణ రోజున ఆ ఉద్యోగికి ఇంటింటి సర్వే పనులు అప్పగించకూడదు. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. బదిలీపై వెళ్లేవారి నుంచి రిజిస్టర్లతోపాటు పెండింగు అర్జీల వివరాలను కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి.