గాలిలో ఏముంది? 3వ పాఠం: దుమ్మును పట్టే అట్టముక్క

పోయిన పాఠంలో మీ ఇంటి చుట్టుపక్కల పొగ, దుమ్ము ఎక్కడెక్కడ లేస్తున్నాయో చూసి పటం గీశారు కదా. ఈసారి అందులోంచి రెండు చోట్లు ఎంచుకోండి: బండ్లు తిరిగే రోడ్డు పక్కన ఒకటి, రోడ్డుకు దూరంగా చెట్ల మధ్య ఇంకొకటి.

తెల్లటి అట్టను అరచేయంత ముక్కలుగా మూడు కత్తిరించండి. ఒక్కోదాని మీద పెన్సిలుతో సెంటీమీటరు గళ్లు గీసి, మూలన చోటు, తేదీ రాయండి. ఆ తర్వాతే వాజలీను పలచగా పూయండి, జిడ్డు మీద పెన్సిలు సాగదు. రెండు ముక్కల్ని ఒకే రోజు, వాన తగలని చోట, ఒకే ఎత్తులో కట్టండి. నేలకు దగ్గరైతే మట్టి ఎక్కువ ఎగిరి పడుతుంది, అప్పుడు పోలిక చెడుతుంది. రోడ్డు దగ్గరికి పెద్దవాళ్లతోనే వెళ్లండి.

మూడోది మూత ఉన్న డబ్బాలో పెట్టేయండి. చాలామంది ఇది దేనికిలే అని వదిలేస్తారు గానీ, నన్నడిగితే ఈ పాఠానికి ప్రాణం అదే. అట్టలో ముందే ఉన్న మచ్చలు, పూసేటప్పుడు మీ వేళ్ల నుంచి అంటిన మురికి దాని మీద తేలతాయి. డబ్బాలోని ముక్కలో గడికి 4 చుక్కలు, రోడ్డు పక్కదానిలో 20 ఉంటే, గాలి తెచ్చినవి సుమారు 16 అన్నమాట.

మూడు రోజులాగి తీసి, భూతద్దంతో ఐదు గళ్లలో చుక్కలు లెక్కపెట్టి సగటు కట్టండి. కళ్లు నల్లటి గళ్ల మీదికే పోతాయి, కాబట్టి ఏ ఐదు గళ్లో అట్ట కట్టకముందే ఖాయం చేసుకోండి. రంగులూ చూడండి. నల్లటివి మసి కావచ్చు, టైర్ల అరుగుదల కావచ్చు. పసుపుపచ్చటివి పుప్పొడి అయితే విడిగా రాయండి.

అట్ట తెల్లగా ఉందని గాలి బాగుందని మాత్రం రాయకండి. ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లే పీఎం 2.5 కణాలు తలవెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు, ఇంకా చిన్నవి కూడా. అవి భూతద్దానికి అందవు, అట్ట మీద సులువుగా వాలవు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వాటికి పెట్టిన హద్దు, ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 5 మైక్రోగ్రాములు. అంత కొంచెం కొలవాలంటే పరికరం కావాలి.

ఆ మూడు రోజులూ గాలి ఎటు వీచిందో, వాన పడిందో లేదో రాసి ఉంచండి. నాలుగో పాఠంలో మీ లెక్కను దగ్గరలోని గాలి నాణ్యత కేంద్రం అంకెల పక్కన పెట్టి చూద్దాం.