ఆషాఢం ఆఫర్‌లో స్ట్రెయిటెనింగ్‌కి వెళ్తున్నారా? జుట్టు మీద పడ్డ పాత మందు సంగతి ముందు చెప్పండి

పోయిన ఆదివారం మధ్యాహ్నం పార్లర్ తలుపు దగ్గరకి వేసి అన్నానికి కూర్చోబోతుంటే ఒకమ్మాయి వాళ్ళమ్మతో వచ్చింది. తల చుట్టూ చున్నీ. చేతిలో బట్టల షాపు కవర్. "అక్కా, ఇది చూడు" అని కవర్ విప్పింది. లోపల జుట్టు. దువ్వెనకి వచ్చే నాలుగు వెంట్రుకలు కాదు, పాయలకి పాయలు. ఒకటి తీసి నీళ్ళలో ముంచి లాగాను. ఉడికిన సేమ్యాలా సాగి, చప్పుడు లేకుండా తెగింది. శ్రావణంలో ఆ పిల్ల పెళ్ళి. "కొండకి మొక్కు కూడా మొక్కుకోలేదమ్మా" అంటూ తల్లి కళ్ళు తుడుచుకుంది.

జరిగింది ఇది. ఎనిమిది నెలల కింద ఒకచోట స్మూతెనింగ్ చేయించుకుంది. పైన బెత్తెడు కంటే కాస్త ఎక్కువే కొత్త జుట్టు వచ్చి ఉంగరాలు తిరుగుతోంది, కింద పాత భాగంలో కొద్దిగా అల. పెళ్ళికి నిలువునా సాఫుగా కావాలని, ఆషాఢం ఆఫర్ బోర్డు చూసి ఇంకోచోట పర్మనెంట్ స్ట్రెయిటెనింగ్‌కి కూర్చుంది. వాళ్ళు అడగలేదు, ఈమె చెప్పలేదు. కుదుళ్ళ నుంచి కొసల దాకా ఒకే క్రీమ్, ఒకే టైం. బేసిన్‌లో కడుగుతుండగానే ఊడిరావడం మొదలైంది. ఊడింది కుదుళ్ళతో కాదు, పాత జుట్టూ కొత్త జుట్టూ కలిసే గీత దగ్గర తెగింది.

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి మా పార్లర్లు ఖాళీ, అందుకే ఆఫర్లు. శ్రావణం పెళ్ళికూతుళ్ళందరూ వచ్చేది కూడా ఇప్పుడే. మంచి బ్రాండ్ వాడమనండి, ధర ముందే అడగండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

అసలు తప్పు

పాత మందు పడ్డ జుట్టు మీద మళ్ళీ మందు పెట్టడం. ఇన్నేళ్ళలో నా కుర్చీ దాకా వచ్చిన పాడైన తలల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క తప్పు వల్లే.

చాలామంది స్మూతెనింగ్ అంటే ఏదో పైపూత, స్ట్రెయిటెనింగ్ ఒక్కటే కెమికల్ అనుకుంటారు. కాదు. మన పార్లర్లలో స్మూతెనింగ్ అని చేసేది కూడా ఎక్కువగా ఆ రకం క్రీమ్‌తోనే. అందులో ఉండేది థయోగ్లైకోలేట్. కాకపోతే కాస్త తేలిక మందు, తక్కువ ఇస్త్రీ (వేడి ప్లేట్ల మధ్య జుట్టుని నొక్కి లాగడం). వెంట్రుక లోపల గంధకం కట్టిన బంధాలుంటాయి, జుట్టు ఉంగరం తిరిగి నిలవడానికి అవే పట్టు. క్రీమ్ వాటిని విడగొడుతుంది. ఇస్త్రీతో సాఫు చేశాక న్యూట్రలైజర్ అనే రెండో మందు వాటిని కొత్త పద్ధతిలో మళ్ళీ కడుతుంది. విడిపోయినవన్నీ తిరిగి కట్టుకోవు. జాకెట్టు కుట్లు ఒకసారి విప్పి వదులు చేసి కుట్టించుకోవచ్చు. అదే కన్నాల్లోంచి మూడోసారి కుట్టమంటే గుడ్డే చిరుగుతుంది. స్మూతెనింగ్‌లో ఒకసారి విప్పిన జుట్టుని బలమైన మందుతో ఇంకోసారి పూర్తిగా విప్పితే ఇక కట్టడానికి మిగిలేది తక్కువ.

నేనూ ఈ తప్పు చేశాను. పద్నాలుగేళ్ళ కింద, పని నేర్చుకున్న కొత్తలో, మా పిన్ని కూతురి జుట్టు మీద. "నువ్వు మావాళ్ళవే కదా, గట్టిగా పెట్టవే" అంది, పెట్టేశాను. దాని పెళ్ళి ఆల్బమ్‌లో ఇప్పటికీ ఎడమ వైపు ఫోటో ఒక్కటి ఉండదు.

మరి స్మూతెనింగ్ నుంచి స్ట్రెయిటెనింగ్‌కి మారకూడదా?

మారొచ్చు. కానీ మొత్తం జుట్టుని ఒకేరోజు మార్చలేరు. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు, మహా అయితే సెంటీమీటరున్నర పెరుగుతుంది. ఆరు నెలలు ఆగితే రమారమి 3 అంగుళాల కొత్త జుట్టు వస్తుంది. బలమైన మందు ఆ కొత్త జుట్టుకే. అదీ మాడుకి తగలకుండా, కొద్దిగా వదిలి. పాత భాగానికి ముందే కండిషనర్ దట్టంగా పట్టించి, రేకు చుట్టి పక్కన పెట్టాలి. పాత భాగంలో అల మరీ ఎక్కువగా ఉంటే, చెవి వెనక ఒక పాయ మీద పరీక్ష చేసి, అది తట్టుకుంటేనే తేలిక మందు చివరి కొన్ని నిమిషాలు. ఒక్కసారి, అంతే. రెండోసారి లేదు.

పరీక్ష ఇంట్లో మీరే చేసుకోవచ్చు. తలస్నానం అయ్యాక పాత భాగంలోంచి ఒక వెంట్రుక తీసి తడిగా ఉండగానే మెల్లగా లాగండి. కొంచెం సాగి వెనక్కి వస్తే పర్వాలేదు. సాగి అలాగే ఉండిపోయినా, పుటుక్కున తెగినా, ఆఫర్ సగం ధరకే కాదు, ఉచితంగా ఇచ్చినా వెళ్ళకండి.

కొసలు పూర్తిగా సాఫుగా లేకపోతే పెళ్ళిరోజు ఇస్త్రీ పెట్టుకోవచ్చు. పూలజడ వేసుకునేవాళ్ళకి ఆ మాట కూడా అక్కర్లేదు, జడలో అల ఎవరికి కనపడుతుంది?

కుర్చీలో కూర్చునే ముందు నోరు విప్పి చెప్పాల్సినవి

ఎన్నేళ్ళ కిందైనా సరే, జుట్టుకి ఏం చేయించుకున్నా చెప్పండి. నడుము దాకా ఉన్న జుట్టు కొసకి నాలుగైదేళ్ళ వయసు ఉంటుంది. "ఎప్పుడో మూడేళ్ళ కింద హైలైట్స్ వేయించాను" అన్నది ఇంకా మీ జడ కింద వేలాడుతూనే ఉంది.

హెన్నా సంగతి ముఖ్యంగా. ఆషాఢంలో చేతులకి గోరింటాకు పెట్టుకుంటూ మిగిలింది తలకి రాసుకునేవాళ్ళు చాలామంది. ఉత్త గోరింటాకు అయితే వెంట్రుకకి పూతలా పట్టి మందు సమంగా ఎక్కనివ్వదు, ప్రమాదం తక్కువ. భయమంతా నల్ల హెన్నా పొడులతోనే. వాటిలో కొన్నింట్లో లోహ లవణాలు ఉంటాయి. న్యూట్రలైజర్‌లో ఎక్కువగా ఉండేది హైడ్రోజన్ పెరాక్సైడ్. ఈ రెండూ కలిస్తే జుట్టు తల మీదే వేడెక్కుతుంది. ప్యాకెట్ పేరు గుర్తులేకపోతే ఫోటో తీసుకెళ్ళండి.

అమెరికా నుంచి అక్కయ్య తెచ్చిన రిలాక్సర్ డబ్బా ఉందా? అది ముట్టుకోవద్దు. అది బాగా బిగుతుగా చుట్టలు తిరిగే ఆఫ్రికన్ జుట్టు కోసం చేసిన మందు, హైడ్రాక్సైడ్ రకం. మన క్రీమ్ కంటే ఎన్నోరెట్లు ఘాటు క్షారం. అక్కడ నల్లజాతి మహిళలు సగం సాఫు చేసే టెక్స్చరైజర్ నుంచి పూర్తి రిలాక్సర్‌కి మారేటప్పుడు కూడా మందు కొత్త జుట్టుకే పెట్టమని చెప్తారు. మన దగ్గర ఇంకో చిక్కు: థయోగ్లైకోలేట్ పడ్డ జుట్టు మీద హైడ్రాక్సైడ్ పడితే జుట్టు నిలవదు. ముందు వెనకలు మారినా అంతే.

ఇంక మిగిలినవి వరసగా రాసేస్తున్నాను, ఓపిక అయిపోయింది.

- పెళ్ళికి కనీసం నెల ముందే చేయించుకోండి. చేశాక మూడు రోజులు తడపకూడదు, కట్టకూడదు, చెవి వెనక్కి కూడా తోయకూడదు. ముహూర్తానికి రెండు రోజుల ముందు చేయించుకుని, మంగళస్నానానికి నువ్వులనూనె పెట్టి తలంటు పోస్తుంటే బిక్కమొహం వేసినవాళ్ళని చూశాను.
- పూలజడ బరువు గుర్తుంచుకోండి. సవరం, పూలు, బిళ్ళలు, అన్నీ వేలాడేది ఆ బలహీనమైన గీత మీదే.
- ముందురోజు తల గీరుకోవద్దు. మాడు మీద పుండు, కురుపు, పేల మందు మంట ఉంటే వాయిదా.
- క్రీమ్ పెట్టాక మంట పుడితే ఓర్చుకోవద్దు. వెంటనే కడగమనండి. "కొంచెం మండితేనే బాగా పడుతుంది" అనే చోట కూర్చోవద్దు.
- మందు పెట్టి ఇంకో కస్టమర్ దగ్గరికి వెళ్ళిపోతున్నారా? మీ ఫోన్‌లో టైమర్ మీరే పెట్టుకోండి.
- పూర్తిగా ఆరకుండా ఇస్త్రీ వద్దు. ప్లేట్ల మధ్య 'చుయ్' అన్నదంటే మీ జుట్టు లోపల నీళ్ళు మరుగుతున్నాయి.
- రంగు వేసిన జుట్టుకి 180 డిగ్రీలు దాటనివ్వొద్దు.
- బ్లీచ్ పడ్డ జుట్టుకి స్ట్రెయిటెనింగ్ లేదు. ఎవరు చేస్తామన్నా లేదు.
- కెరటిన్, బొటాక్స్, నానో, సాఫు చేసే ట్రీట్‌మెంట్ పేరు ఏదైనా సీసా వెనక చదవండి. ఫార్మాలిన్, మిథిలీన్ గ్లైకాల్ అంటే ఫార్మాల్డిహైడే, ఘాటైన విషవాయువు. ఇస్త్రీ పెట్టేటప్పుడు కళ్ళు మండితే కుర్చీ లోంచి లేవండి.
- "ఫార్మాల్డిహైడ్ లేదు" అని రాసి గ్లైఆక్సిలిక్ యాసిడ్ ఉంటే అదీ వద్దు. ఆ యాసిడ్ ఉన్న క్రీమ్‌తో మూడుసార్లు పార్లర్‌లో స్ట్రెయిటెనింగ్ చేయించుకుని మూడుసార్లూ కిడ్నీ దెబ్బతిన్న 26 ఏళ్ళ యువతి గురించి ఫ్రాన్స్ డాక్టర్లు 2024లో రాశారు. చేయించుకున్నాక వాంతులు, నడుము నొప్పి, జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్ళి, జుట్టుకి ఏం పెట్టించుకున్నారో డాక్టర్‌కి చెప్పండి.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు: వద్దు.
- ఓణీల ఫంక్షన్ పిల్లలకి వద్దు. పన్నెండేళ్ళ పిల్లని తీసుకొచ్చి నాతో బేరమాడొద్దు.
- పాత మందు పడ్డ జుట్టు మీద మళ్ళీ బలమైన మందు వద్దు. వదిన పెళ్ళికి అయినా వద్దు, సొంత పెళ్ళికి అయినా వద్దు.
- ఒకచోట కాదంటే ఇంకో పార్లర్‌కి వెళ్ళి అబద్ధం చెప్పొద్దు. క్రీమ్‌కి అబద్ధం తెలియదు.
- పార్లర్ వాళ్ళు, మీరూ: అడగండి. కస్టమర్ చెప్పలేదు అనొద్దు. తడిపి లాగి చూస్తే వెంట్రుకే చెప్తుంది. పోయే గిరాకీ పోనివ్వండి.
- ఇప్పటికే తెగిందా? సరిచేస్తామని వచ్చే ఏ ట్రీట్‌మెంటూ ఒప్పుకోవద్దు. కత్తిరించండి, వెడల్పు పళ్ళ దువ్వెన వాడండి, మాడు మీద పుండ్లుంటే చర్మ డాక్టర్‌ని కలవండి.

ఆ అమ్మాయికి మెడ దాకా కత్తిరించాను. వెనక వైపు సవరం పట్టడానికి జుట్టు కొంచెం మిగిలింది. కుడివైపు అదీ లేదు. ముహూర్తానికి ఇంకా ఇరవై ఆరు రోజులుంది, అటువైపు చేమంతుల దండ అడ్డం పెట్టి పిన్ను చేద్దామని చెప్పి పంపాను.