చెరువులో వదిలే ముందు తొట్టి చేపపిల్లల అలవాట్లు మాన్పించడం

సిమెంటు తొట్టి గట్టు మీదికి మేత డబ్బాతో మనిషి రాగానే, బొచ్చె, శీలావతి పిల్లలు నీళ్లు తెర్లినట్టుగా పైకి లేచి నోళ్లు తెరుస్తాయి. పెంచేవారికి ముచ్చటగొలిపే ఈ అలవాటే చెరువులో వాటి ప్రాణం మీదికి తెస్తుంది. పైన నీడ పడితే మేత వస్తుందని నేర్చిన పిల్ల, కొంగ నీడకూ అలాగే పైకి వస్తుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతపు చెరువులకు అక్టోబరు, నవంబరు వానలే ఎక్కువ ఆధారం కనుక, ఆలోపు పిల్లలను 80 నుంచి 100 మిల్లీమీటర్ల వరకు పెంచి, చివరి రెండు మూడు వారాలను ఈ అలవాట్లు మాన్పించడానికి కేటాయించాలి.

తౌడు, వేరుశనగ చెక్క రోజూ ఒకే వేళకు ఒకే మూల వేస్తే బలమైన పిల్లలే తిని, మిగిలినవి గిడసబారతాయి. వేళనూ చోటునూ మారుస్తూ, మనిషి కనిపించకుండా మేత అందించాలి. పేడ వేసి ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) పెంచిన మట్టిగుంట ఉన్నవారు పిల్లలను అందులోకి మార్చడమే మేలు. అక్కడ అవి మేత వెతుక్కోవడం నేర్చుకుంటాయి.

తొట్టి తప్పనప్పుడు అడుగున రాళ్లు, పైపు ముక్కలు, తుంగ కట్టలు ఉంచాలి. అమెరికాలో 2006లో వెలువడిన ఒక పరిశోధనలో, రాళ్లున్న తొట్టిలో పెరిగిన స్టీల్‌హెడ్ ట్రౌట్ పిల్లలకు చిన్నమెదడు పెద్దదిగా ఎదిగినట్టు తేలింది. అది మన జాతి చేప కాదు, కానీ రాళ్లకు ఖర్చేముంది?

అన్నిటికంటే ముఖ్యమైనది శత్రువును గుర్తుపట్టించడం. బొచ్చె, శీలావతి చెందిన కార్ప్ కుటుంబపు చేపల చర్మం చిట్లితే వెలువడే పదార్థం వాసనకు తోటి చేపలు బెదురుతాయని ఆస్ట్రియా జంతుశాస్త్రవేత్త కార్ల్ ఫన్ ఫ్రిష్ 1938లోనే వివరించాడు. ఈ పిల్లలను తినే కొరమీనును వేరే తొట్టిలో ఒక రోజు ఉంచి, ఆ నీటిలో, అప్పుడే చనిపోయిన ఒక పిల్ల చర్మాన్ని నలిపి కలిపి, పిల్లల తొట్టిలో నెమ్మదిగా పోయాలి. పిల్లలు ఒక్కసారిగా అడుక్కు దిగి గుంపు కడతాయి. రెండు మూడు రోజుల ఎడంతో ఇలా మరో రెండుసార్లు చేస్తే, ఆ తరువాత కొరమీను వాసన ఒక్కటే వాటిని బెదిరించడానికి చాలుతుంది. రోగాలు అంటకుండా, పిల్లలను వదలబోయే చెరువులోని కొరమీనునే తేవాలి. కొరమీను ఉన్న తొట్టిపై వల కప్పకపోతే అది ఎగిరి బయట పడుతుంది.

తరలించడానికి ఒక రోజు ముందు మేత ఆపాలి. సాయంత్రం సంచులను 15 నుంచి 20 నిమిషాలు చెరువు నీటిపై తేలనిచ్చి, తుమ్మకంప వేసిన చోట పిల్లలను వదలాలి. మరునాడు గట్టున నిలబడితే ఒక్క పిల్లా కనిపించలేదని కంగారు పడనక్కరలేదు.