చలి ముదరకముందే: ఆయాసం ఉన్నవాళ్ల ఇంట్లో జాగ్రత్తలు

దీపావళి దాటిందంటే ఆంధ్రా–ఒడిశా సరిహద్దున పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెల్లవారుజామున మంచు పట్టేస్తుంది. ఆస్తమా, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు), గుండె బలహీనత ఉన్నవాళ్లకు గడ్డుకాలం ఇదే. డాక్టరును అడిగి ఫ్లూ టీకా ఇప్పుడే వేయించండి.

ముందు కాగితాల సంగతి. మనవాళ్లు ఒకసారి బరంపురం ఎంకేసీజీలో, ఇంకోసారి శ్రీకాకుళంలో, మరోసారి విశాఖ కేజీహెచ్‌లో చూపించుకుంటారు. ఏ ఆసుపత్రి చీటీలు ఆ సంచిలోనే ఉండిపోతాయి. ఆయాసం ఊపిరితిత్తులదా, గుండెదా అన్నది తేల్చడమే క్యాజువాలిటీలో అసలు కష్టం, పెద్దవయసులో రెండూ కలిసే ఉండొచ్చు. పాత ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) రిపోర్టు, మందుల చీటీ ఒకే కవర్లో పెట్టండి. సీఓపీడీ ఉంటే ఆ మాట అంబులెన్స్ ఎక్కేటప్పుడే చెప్పాలి. వాళ్లకు రక్తంలో ఆక్సిజన్ 88–92 శాతం మధ్య ఉంచుతారు. మరీ ఎక్కువ పెడితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్ముతుంది. కాబట్టి "ఇంకా పెట్టండి సార్" అని నర్సు మీద పడకండి.

ఇన్‌హేలర్‌ను ఊపి చూసి ఉందనుకోవద్దు. మందు అయిపోయినా గ్యాస్ చప్పుడు వస్తుంది. డోసులు లెక్కపెట్టుకోవాలి.

తలుపులు మూసి గదిలో కుంపటి పెట్టకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ను వేలికి పెట్టే ఆక్సీమీటర్ పట్టుకోలేదు, ప్రాణం మీదికొచ్చినా 98 చూపిస్తూ ఉండొచ్చు. భోగి మంటలో టైర్లు వేసే కుర్రాళ్లకు ముందే గట్టిగా చెప్పండి.

మాట పూర్తి చేయలేక రెండేసి ముక్కలుగా చెప్తున్నా, పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. సరిహద్దులో ఫోన్ ఏ రాష్ట్రం టవర్ పట్టుకుందో తెలియదు, అందుకే ముందు రాష్ట్రం, జిల్లా, ఊరు చెప్పండి. బండి వచ్చేదాకా పడుకోబెట్టకుండా కూర్చోబెట్టండి.

నెబులైజర్ పెట్టి కాస్త తేలికపడగానే "ఇంటికి పోదాం" అంటారు. అసలు టెన్షన్ అక్కడే. క్యాజువాలిటీ నుంచి ఇంటికెళ్లిన తొలి వారాల్లోనే చాలామందికి మళ్లీ ముదురుతుంది. స్టెరాయిడ్ మాత్రలు ఐదు రోజులకు రాస్తే, బాగానే ఉంది కదా అని మూడో రోజుకే మానేయొద్దు. వారంలోపు మళ్లీ చూపించాలి. గుండె జబ్బుంటే రోజూ పొద్దున్నే బరువు చూడండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, రాత్రి ఇంకో దిండు కావాలన్నా ఒంట్లో నీరు చేరుతున్నట్టే, ఆరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కార్తీకం వెళ్లగానే ఎండుచేపల మీద పడతాం, ఉప్పు తినకూడని మనిషికి ఆ కూర విడిగా వండినా లాభం లేదు, ఉప్పంతా చేపలోనే ఉంటుంది.