ఎంపీ నిధులతో ఊరికి పని చేయించుకోవాలంటే

ముందు ఏ ఎంపీని అడగాలో తేల్చుకోండి. లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్‌కు 25 మంది, తెలంగాణకు 17 మంది; రాజ్యసభలో 11, 7. లోక్‌సభ సభ్యుల సిఫార్సులు ప్రధానంగా సొంత నియోజకవర్గానికే. రాజ్యసభ సభ్యులు తమ రాష్ట్రంలో ఏ జిల్లాకైనా సిఫార్సు చేయవచ్చు. ఇది తెలియక చాలా ఊళ్లు ఒక్క గడపే తొక్కుతుంటాయి.

ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలుంటాయి కాబట్టి సమానంగా పంచినా ఒక్కోదానికి 71 లక్షలే. అందుకే బడికి అదనపు గది, తాగునీటి ట్యాంకు లాంటి ఒక్క పనే అడగండి. పది కోరికలున్న అర్జీ పక్కకు పోతుంది.

అర్జీకి పంచాయతీ తీర్మానం, స్థలం సర్వే నంబరు, ఇంజినీరు వేసిన అంచనా, ఫొటోలు జతచేయండి. ఎక్కువగా చిక్కు వచ్చేది స్థలం దగ్గరే. ప్రైవేటు వ్యక్తుల స్థలంలో గానీ, గుడి, మసీదు, చర్చి ఆవరణలో గానీ కట్టడానికి ఈ నిధులు రావు. పూర్తయ్యాక నిర్వహణ ఎవరిదో కూడా రాయించండి. ఎంపీ తన నిధుల్లో ఎస్సీ ప్రాంతాలకు 15 శాతం, ఎస్టీ ప్రాంతాలకు 7.5 శాతం కేటాయించాలి. మీది అలాంటి చోటైతే అర్జీ మొదటి వాక్యంలోనే చెప్పండి.

ఎంపీ లేఖ చేతికొస్తే పని మంజూరైనట్టు కాదు. 2023 నుంచి సిఫార్సు ఎంపీ నిధుల పనుల కోసం ఉన్న ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-సాక్షి పోర్టల్‌లో నమోదు కావాలి, ఆపై జిల్లా యంత్రాంగం మంజూరు చేయాలి. నమోదైందో లేదో ఎంపీ కార్యాలయంలోనే అడిగి, తర్వాత కలెక్టరేట్‌లో ముఖ్య ప్రణాళికాధికారి దగ్గర ఆరా తీయండి.