శరత్కాలంలో బంగారుతీగ: గాలం కన్నా ముందు మేత

నెల్లిమర్ల దాటాక, గట్టు మీద నిలబడితే రామతీర్థం కొండలు కనిపించే చెరువు ఒకటి ఉంది. జూట్ మిల్లులో షిఫ్టు దిగి సైకిల్ మీద వెళ్ళిన రోజుల నుంచి, అంటే ఇరవై రెండేళ్ళుగా అక్కడ గాలం వేస్తున్నాను. మొదటి ఐదేళ్ళలో నాకు పడిన బంగారుతీగ (కామన్ కార్ప్) చేపలు మూడే మూడు. ఇప్పుడు ఒక్క ఆశ్వయుజ, కార్తీక మాసాల్లోనే పది, పన్నెండు పడుతున్నాయి. కర్ర అదే, దారం అదే. నేను మార్చుకున్నది మేత చల్లే తీరు, గట్టు మీదికి వెళ్ళే వేళ.

మన వైపు చెరువులు వేలంపాటకు పోతాయి. పాడుకున్న మత్స్యకార సంఘం వారిని అడిగి, వారు చెప్పిన రుసుము కట్టాకే గాలం తీయండి. మనం పట్టే చేపలు చాలావరకు వారు డబ్బు పోసి వేసిన పిల్లలే. శీలావతి (రోహు), బొచ్చె (కట్ల) పారే నీటిలోనే గుడ్లు పెడతాయి కాబట్టి వాటిని ఏటా పిల్లలుగా తెచ్చి వదలవలసిందే. బంగారుతీగ అలా కాదు. 1957లో బ్యాంకాక్ నుంచి మన దేశానికి తెచ్చిన ఈ రకం నిలవనీటిలోనే, నాచుకూ కలుపుకూ గుడ్లు అంటించి పెరిగిపోతుంది. అందుకే పెద్ద బంగారుతీగ ఆ చెరువులోనే పుట్టి పెరిగినదై ఉంటుంది. అక్కడి ప్రతి మొద్దూ దానికి తెలుసు. ఎండాకాలం వలలను తప్పించుకుని బతికినది కాబట్టి గట్టు మీద అడుగు చప్పుడయినా పక్కకు తప్పుకుంటుంది.

ఈ చెరువు కష్టం అంతటితో అయిపోదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను గాలికి గట్టు వెంట ఉన్న తుమ్మచెట్లు ఏడెనిమిది నీళ్ళలోకి ఒరిగాయి. కొమ్మలు కుళ్ళిపోయాయి గానీ మొద్దులు ఇంకా అలాగే ఉన్నాయి. తూర్పు వైపు తామర, పడమట గుర్రపుడెక్క. వానలకు చెరువు నిండి ఉన్నప్పుడు లోపల పురుగులూ నత్తలూ సమృద్ధిగా ఉంటాయి, చేపకు మన మేత అవసరమే ఉండదు. ఇన్ని ఉన్నాయి కాబట్టే చోటు ఎంచుకోవడంలో తొందరపడకూడదు.

చోటును నేను మే నెలలోనే ఎంచుకుంటాను. నీళ్ళు అడుగంటినప్పుడు చెరువు గర్భంలో నడిచి, మదుము (తూము) దగ్గర నుంచి లోపలికి పోయే పాత కాలువ ఎక్కడ మలుపు తిరుగుతుందో, మొద్దులు ఎక్కడున్నాయో నోటుపుస్తకంలో గీసుకుంటాను. నిండాక ఆ కాలువ అంచున బారన్నర లోతు ఉంటుంది, పక్కనే మెరక. బంగారుతీగలు ఆ అంచు వెంటే తిరుగుతాయి. మీరు ఎండాకాలం చూడకపోతే దారానికి సీసం గుండు కట్టి అడుగు తడమండి. గుండు తాకినప్పుడు టక్కుమంటే గట్టి నేల, మెత్తగా దిగిపోతే బురద. ఈ రెండూ కలిసే గీత మీదే మేత వేయాలి.

తరువాత బుడగలు చూడండి. కుళ్ళిన ఆకుల నుంచి వచ్చే బుడగలు పెద్దవిగా, ఒకే చోట, ఆగి ఆగి వస్తాయి. బంగారుతీగ బురద తవ్వుతున్నప్పుడు లేచేవి ఆవగింజల్లా చిన్నవి, గుంపుగా వస్తాయి, పైగా మెల్లగా ముందుకు జరుగుతాయి. ఆ వరుస ఎటు పోతోందో పావుగంట చూస్తే చేప దారి తెలుస్తుంది. అది మెరక మీదికి వస్తోందా, మొద్దుల వైపు పోతోందా అన్నది ఈ వరుసే చెబుతుంది.

ఇక మేత. కిలో తవుడు, అరకిలో వేరుశనగ చెక్క, రెండు పిడికిళ్ళ చోడిపిండి (రాగిపిండి). చెక్కను రాత్రే నానబెడితే ఉదయానికి పులిసిన వాసన వస్తుంది, అదే కావాలి. అన్నీ కలిపి, బెల్లం నీళ్ళు కొద్దికొద్దిగా చిలకరిస్తూ తడపండి. ఎంత తడి అన్నదే అసలు విషయం. నిమ్మకాయంత ఉండ చేసి బకెట్ నీళ్ళలో వదిలి చూడండి. పడగానే చెదిరితే తడి చాలలేదు. నూరు లెక్కపెట్టాక కూడా ముద్దగానే ఉంటే ఎక్కువైంది. అడుగుకు ముద్దగా దిగి, నలభై, యాభై లెక్కపెట్టేసరికి అంచుల నుంచి పొరలుగా రాలి పొడిలా పరుచుకోవాలి. చేతికి ఆ లెక్క రావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అందుకే ప్రతిసారీ బకెట్‌లో చూసుకునే అలవాటు ఇప్పటికీ మానలేదు.

మూడు సాయంత్రాలు గాలం లేకుండా వెళ్ళండి. నాలుగున్నరకే, అదే చోట, అయిదే ఉండలు. ఎక్కువ వేస్తే చెడుతుంది. బంగారుతీగకు మనలా జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అందుకే అది కొంచెం కొంచెంగా, మాటిమాటికీ తింటుంది. కుప్ప పోస్తే సగం అడుగున కుళ్ళి నీరు పాడవుతుంది, ఆ చోటికే రావడం మానేస్తాయి. మూడో సాయంత్రానికి మీరు ఉండ వేసిన కాసేపటికే బుడగలు కనిపిస్తే, నాలుగో రోజు కర్ర పట్టుకెళ్ళండి. కనిపించకపోతే చోటు మార్చి మళ్ళీ మొదలుపెట్టండి.

చాలామంది కోడి కూయకముందే గట్టు మీద కూర్చుంటారు. కలుపు ఉన్న చెరువులో ఇది పొరపాటు. రాత్రంతా మొక్కలు కూడా ప్రాణవాయువును వాడుకుంటాయి కాబట్టి తెల్లవారే వేళకు నీటిలో అది తక్కువగా ఉంటుంది, చేప మేత మీద మనసు పెట్టదు. ఎండ పడి కలుపు మళ్ళీ ప్రాణవాయువు వదలడం మొదలయ్యాక, ఎనిమిది నుంచి పదకొండు వరకు మంచి సమయం. మళ్ళీ నాలుగు నుంచి పొద్దుగూకే వరకు. వాయుగుండం పట్టి రెండు మూడు రోజులు మబ్బు కమ్మితే ఇంట్లోనే ఉండండి. రొయ్యలు, చేపలు పెంచే రైతులు కూడా అలాంటి రోజుల్లో మేత తగ్గిస్తారు. ఎండ కాసి రెండు రోజులయ్యాక వెళ్ళండి.

దారం 0.30 మిల్లీమీటర్లది, ఆరో నంబరు గాలం, నీటి మీద తేలడానికి వేలెడంత జీలుగు బెండు. పిండి ముద్ద కడితే పరిగెలు (చిన్న చేపలు) పొడిచి పొడిచి రెండు నిమిషాల్లో ఖాళీ చేస్తాయి. అందుకని ఒక రాత్రి నానబెట్టి, గోరు దిగేంత వరకు ఉడికించిన మొక్కజొన్న గింజలు రెండు గుచ్చుతాను. పరిగెలు వాటిని ఏమీ చేయలేవు, బంగారుతీగ గొంతులోని పళ్ళతో నమిలేస్తుంది. సీసం గుండు గాలానికి బెత్తెడు దూరంలో, అడుగున ఆని ఉండాలి. బెండు కొన మాత్రమే పైకి కనిపించాలి.

ఇక్కడే కొత్తవారు చేపను పోగొట్టుకుంటారు. బెండు మునగాలని చూస్తూ కూర్చుంటారు. బంగారుతీగ తల కిందికి వంచి గింజను పీల్చి, తల పైకెత్తుతుంది. దాంతో అడుగున ఉన్న గుండు లేస్తుంది, బరువు తగ్గిన బెండు నీళ్ళలోంచి పైకి పొడుచుకొచ్చి పక్కకు వాలుతుంది. ముందు ఒక చిన్న వణుకు, తరువాత నిలబడటం, ఆ తరువాత వాలడం. వాలుతున్న ఆ క్షణంలోనే కర్రను మణికట్టుతో లేపాలి. ఇంకొక్క ఊపిరి ఆగితే గింజను ఉమ్మేస్తుంది. శీలావతి అయితే ఇలా ఉండదు, కుచ్చుల పెదవితో గీకుతూ తింటుంది, బెండు సన్నగా ఊగుతూ మెల్లగా పక్కకు జారుతుంది. బొచ్చె పైనీళ్ళలో తిరిగే చేప, ఈ పద్ధతికి రాదు.

గాలం దిగగానే అది మొద్దుల వైపే పరుగెడుతుంది. కర్రను నిటారుగా ఎత్తకండి, నీటి మట్టానికి పక్కగా వంచి, తల మళ్ళేవరకు దారం బిగువు సడలనివ్వకండి. నిరుడు అక్టోబరు చివరలో, విజయనగరం పైడితల్లి సిరిమాను సంబరం అయిన కొద్ది రోజులకు, నాలుగు కిలోలు తూగేదాన్ని మొద్దుకు రెండు మూరల దూరంలో మళ్ళించగలిగాను. చేతివలలోకి వచ్చేసరికి నా అరచేతిలో దారం గీత ఎర్రగా పడి ఉంది. దాని పొలుసులు సాయంత్రపు ఎండలో ఇత్తడి పళ్ళెంలా మెరిశాయి.

కార్తీకంలో మా ఇంట్లో చేప వండరు. ఊళ్ళో చాలా ఇళ్ళలో అంతే, అందుకే ఆ నెల వలలు కూడా తక్కువ పడతాయి, చెరువు నెమ్మదిగా ఉంటుంది. నాకు ఏడాదిలో అన్నిటికన్నా ఇష్టమైన రోజులు అవే. పట్టినవన్నీ వదిలేస్తాను. వదలదలచుకుంటే చేతులు తడిపి పట్టుకోండి, పొడి చేతికి ఒంటి మీది జిగురు ఊడిపోతుంది. మట్టి మీద పెట్టవద్దు. నీళ్ళలో నిలబెట్టి పట్టుకుంటే మొప్పలు నాలుగైదుసార్లు ఆడించి తనే విదిలించుకుని వెళుతుంది.

ఒక చేప పడ్డాక ఆ చోటుకు రెండు రోజులు సెలవు ఇవ్వండి, మేత మాత్రం వేయండి. తెగిన దారం ముక్కలు గట్టు మీద పారేయకుండా జేబులో వేసుకోండి. కిందటేడు ఒక కొంగ కాలికి చుట్టుకున్న దారం విప్పడానికి నాకూ, పశువుల కాపరి కుర్రవాడికీ అరగంట పట్టింది.