గయానాలో డబ్బు పెట్టే ముందు

2019 డిసెంబరులో సముద్రంలో చమురు తీయడం మొదలైనప్పటి నుంచి అందరి కన్నూ దక్షిణ అమెరికాలోని గయానా మీదే. టికెట్ కొనకముందే ఇవి చూసుకోండి.

☐ 2021లో వచ్చిన లోకల్ కంటెంట్ చట్టం పూర్తిగా చదివారా? చమురు కంపెనీలకు భోజనాలు, లాండ్రీ, సెక్యూరిటీ, అద్దె గదులు లాంటి పనుల్లో సింహభాగం అక్కడివాళ్లకే. గయానా కంపెనీ అనిపించుకోవాలంటే కనీసం 51 శాతం యాజమాన్యం వాళ్లదే ఉండాలి. ఎవరినో పేరుకి ముందు పెట్టి నడిపిద్దామనే ఆలోచన ఉంటే ఇక్కడే ఆపేయండి. భాగస్వామి గురించి నలుగురిని విచారించండి.

☐ గోడౌన్ స్థలాన్ని వానల్లో చూశారా? పోటు సమయంలో రాజధాని జార్జ్‌టౌన్ సముద్రమట్టం కంటే దిగువన ఉంటుంది. మే నుంచి జులై మధ్య వెళ్తే అసలు రంగు తెలుస్తుంది.

☐ దస్తావేజులు మీ లాయరే చూడాలి, అమ్మేవాళ్ల లాయర్ కాదు.

☐ ఎసెక్విబో నదికి పడమటి భూమా? అది తనదని పక్క దేశం వెనిజులా అంటోంది.

☐ బియ్యం దిగుమతి ఆలోచనా? గయానాయే బియ్యం ఎగుమతి చేస్తుంది!